కుడి కమాను, ఎడమ కమాను

మా ఆయనకి ఇంగ్లీషు రాదన్న సంగతి దుబాయికి దగ్గర్లోని ఈ అజ్మాన్ ఊరు మొత్తమ్మీద నాకొక్కదానికే తెలుసు. ఆయన పనిచేసే గ్యారేజీలో మాత్రం అజ్మతుల్లా మేస్త్రీ ఇంగ్లీషుకి పెద్ద పేరు. సామాను డబ్బా మీద నంబరు కనబడగానే ఫోను తీసి ఫొటో కొట్టేవాడు. "కొంచెం చూసి చెప్తా" అని టీ తాగడానికి పోయేవాడు. ఆ ఫొటో పొయ్యి పక్కనున్న నా ఫోన్లో పడేది. ఉల్లిపాయలు వేగేలోపు ఆ నంబరు ఏ బండిదో, ఎవరి దగ్గర దొరుకుతుందో వెతికి పంపేదాన్ని. అమెరికాకో జపానుకో ఈ-మెయిల్లో ఉత్తరం రాయాల్సి వస్తే అదీ నేనే రాసి, కింద ఆయన పేరు పెట్టేదాన్ని. ప్రొద్దుటూరులో నేను చదివిన బీకాం అలా ఎడారి దేశంలో లారీల కింద దూరింది.

నాకు బాధేం లేదు, నవ్వొచ్చేది. ఇంగ్లీషు రాకపోతేనేం, కమాన్ల పనిలో ఆయనంతటి వాడు లేడు. లారీ చక్రాల పైన బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది చూడండి, ఒకదాని కింద ఒకటి, విల్లులా వంగి, అదే కమాను. బరువుకి చదునైపోయిన కమానును విప్పి, ఒక్కో ప్లేటునీ సుత్తితో కొట్టి, వట్టి కంటితో వంపు చూసి మళ్ళీ నిలబెట్టేవాడు. ఫుజైరా కొండల్లో రాళ్ళు మోసే లారీలు ఆయన చేతికోసం ఇంత దూరం వచ్చేవి. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు, అందుకే నడిచేటప్పుడు కొంచెం ఛాతీ విరుచుకునే నడిచేవాడు.

2023 జూన్‌లో ఓ మధ్యాహ్నం అన్నానికి వచ్చి, చెయ్యి కడుక్కోకుండానే కూర్చుండిపోయాడు.

"సెప్టెంబరు ఆఖరికి లారీ సెక్షన్ ఖలాస్ అంట," అన్నాడు. "కొత్త లారీలకి కమాన్లు యాడుండాయి, అన్నీ గాలి బెలూన్లే. అర్బాబు ఆ షెడ్డు బాడుగకిస్తాడంట." అర్బాబంటే ఆ గ్యారేజీ యజమాని.

"మరి నువ్వు?"

"షెడ్డే లేకపోతే మేస్త్రీ యాడుంటాడుమే? వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తారు."

ఆయన వీసా మీదే నేను ఉన్నాను. ఆయనది పోతే నాదీ పోతుంది. పెళ్ళైన మొదటి ఆరేళ్ళు ఆయన మఫ్రఖ్‌లో పనివాళ్ళ క్యాంపులో, నేను ప్రొద్దుటూరులో. కాపురమంతా ఫోన్లోనే చేశాం. ఈ ఒక్క గదిలో కలిసి ఉండడం మొదలుపెట్టి మూడేళ్ళు కూడా నిండలేదు. మళ్ళీ ఆయన సౌదీకో ఖతార్‌కో ఒక్కడే పోతే, నేను ఫోను పట్టుకుని కూర్చోవాలి. అది నా వల్ల కాదని ఆ రోజే, ఆ పళ్ళెం ముందే చెప్పేశాను.

"ఖాదర్ హుస్సేన్ భాయ్ ఒక దోవ చెప్పినాడులే," అన్నాడాయన.

ఖాదర్ హుస్సేన్ ఆ గ్యారేజీ ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదు మనిషి. మంచివాడే గాని అర్బాబు ముందు నోరు లేవదు. ఆయన ఆలోచన ఏమిటంటే, ఇక్కడ షేక్‌ల దగ్గర పాత కార్లు బోలెడున్నాయి. వాటిని బాగు చేసే సెక్షన్ పెడదామని అర్బాబు చెవిలో వేశాడు. అర్బాబు నమ్మలేదు. ముందు ఒక్క బండి చేసి చూపించమన్నాడు. ఆ ఒక్క బండీ అప్పటికే వచ్చేసింది.

ఖల్ఫాన్ అని ఫుజైరాలో రాళ్ళ లారీలున్న ఆసామి. అతని బాబాయి ఎప్పుడో ఓడలో తెప్పించుకున్న డాడ్జ్ చార్జర్ అనే అమెరికా కారు, అరవై తొమ్మిది నాటిది. ఇంజను, రంగు, సీట్లు అన్నీ అయిదేళ్ళుగా బాగు చేయించుకుంటూ వచ్చాడు. వెనక భాగం మాత్రం కుంగిపోయింది. అన్ని కార్లకీ ఉన్నట్టు దీనికి చుట్టల స్ప్రింగులు లేవు, వెనక లారీలకున్నట్టు కమాన్లే. అందుకని పెద్ద పెద్ద గ్యారేజీలు వదిలేసి, తన లారీలు బాగు చేసే మేస్త్రీ దగ్గరికే తెచ్చాడు. చలికాలంలో పాత కార్ల ఊరేగింపుకి దాన్ని తనే నడపాలని అతని కోరిక.

ఆ వారం నా ఫోన్లో వంకాయల ఫొటోలు లేవు, అక్కచెల్లెళ్ళ ఫొటోలు లేవు, అన్నీ ఆ బండి అడుగుభాగం ఫొటోలే. నేనా బండి మొహం చూసే ముందు దాని వీపంతా చూశాను.

"పాత కమాన్లే కొట్టి నిలబెట్టలేవా?" అని అడిగాను.

"కుడిదానికి మెయిన్ ప్లేటు పగిలిపొయినాది. మిగతావి కొట్టినా నిలబడవు. మంచి ఉక్కు సుత్తి దెబ్బకి గంట మాదిరి మోగాల. ఇది ముసిలోడు దగ్గినట్టు పలుకుతాంది."

మొదట ఆయన తన దారినే పోయాడు. షార్జా తుక్కు మార్కెట్టులో పికప్ బండి కమాన్లు ఏరి తెచ్చి, కోసి, కొట్టి, బిగించాడు. బిగించిన రోజు సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమైంది?"

"ఖల్ఫాన్ ఎక్కి, గేటు బయట స్పీడ్ బ్రేకరు మీద ఒగసారి పోయొచ్చినాడు. నెత్తి కప్పుకి కొట్టుకున్నాది. దిగి ఏమన్నాడో తెలుసా? 'అజ్మత్, నాకు రాళ్ళ లారీలు పద్నాలుగు ఉండాయి, దీన్ని పదిహేనోది చేసినావు' అన్నాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కాసేపయ్యాక ఆయనా నవ్వేశాడు గాని, అర్బాబు అక్కడే నిలబడి ఉన్నాడని చెప్పాక నా నవ్వు పోయింది.

ఇక మిగిలింది ఒకటే, కొత్త కమాన్లు అమెరికా నుంచి తెప్పించడం. ఇలాంటి పాత బండ్ల కమాన్లు ఇప్పటికీ చేసే ఒక దుకాణం దొరికింది నాకు. కేటలాగు తెరిచి చూస్తే ఆ ఏడాది బండికే నాలుగు రకాలు. చిన్న ఇంజనుకి ఒకటి, పెద్ద ఇంజనుకి ఒకటి, మెత్తగా నడిచేది, గట్టిగా నిలబడేది. ఆయన్ని అడిగి ఇంజను మీది నంబరు ఫొటో తెప్పించాను. పెద్ద ఇంజను. గేర్లు చేత్తో వేసేది. ఆ వరసలో వేలు పెట్టి చూస్తే కుడి కమానుకొక నంబరు, ఎడమ కమానుకొక నంబరు ఉన్నాయి.

ఆయనతో చెబితే చెయ్యి ఊపేశాడు.

"నంబర్లకేంలే, లెక్కకోసం వేసుకుంటారు. నేను చూసినా గదా. ఎడమపక్క ఆరు ప్లేట్లు, శుద్ధంగా ఉండాది. కుడిపక్క చేతగానోడు ఎవడో చెయ్యి పెట్టినాడు. అయిదు నిండు ప్లేట్లేసి, ముందరపక్క సగం ముక్కలు రెండు దోపినాడు. మనూరి షెడ్లల్లో చెయ్యరా? లారీ ఒగ పక్కకి వాలితే, ముక్క ప్లేటు దోపి పంపిస్తారు, నాలుగు దినాలు నిలబడతాది. అదే పని. రెండూ ఎడమవే తెప్పించు."

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. లారీకి అదే న్యాయం. రెండు పక్కలా ఒకే బరువు, ఒకే కమాను. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులు అదే చేశాయి. కాని ఎవడో చేతగానివాడు దోపిన ముక్కలకి కేటలాగులో నంబరు ఎందుకుంటుంది? నాకది మింగుడు పడలేదు. దుకాణానికి ఉత్తరం రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. ఈ ఇంజను బలం ఎక్కువట. ఒక్కసారిగా తొక్కితే వెనక ఇరుసు మెలి తిరగబోతుందట. ఆ మెలిని ఆపడానికే కంపెనీవాళ్ళు కుడిపక్క సగం ప్లేట్లు వేసి పంపారట. రెండు పక్కలా ఒకటే వేయొద్దని చివర్లో గట్టిగా రాశాడు.

అది చదివి వినిపించాను. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు.

"మే తహ్మీనా, నువ్వు ఒగ చెవికి బుట్ట కమ్మ, ఇంగో చెవికి రాళ్ళ కమ్మ పెట్టుకుంటావా?"

"ఇది కమ్మలు పెట్టుకోని పెండ్లికి పొయ్యే బండి కాదయ్యా, దూకే బండి. లారీ మాదిరి బరువు మోసేది కాదు."

"నాకు కమాన్లు నేర్పిస్తావా?"

ఆ మాటతో ఊరుకున్నాను. ఊరుకున్నానంటే నోరు ఊరుకుంది. ఆయన పనికి పోయాక ఫోను తీసి, ఆర్డరు రాశాను. కుడిది ఒకటి, ఎడమది ఒకటి, యూ బోల్టులు, బుష్‌లు. కింద ఎప్పట్లాగే అజ్మతుల్లా అని పెట్టాను. ఎన్ని ఉత్తరాలు రాసినా, ఆయన చెప్పింది కాక నాకు తెలిసింది రాయడం అదే మొదలు. నాకు భయం వేసింది. తప్పైతే ఆయన పని పోయేది నా వల్ల అవుతుంది. తప్పు కాదని మాత్రం నాకు గట్టి నమ్మకం. ఆయనకి చెప్పలేదు. చెబితే ఆర్డరు మార్చమని రెండో ఉత్తరం కూడా నా చేతే రాయించేవాడు.

ఆగస్టు నడిమధ్యలో పెట్టె వచ్చింది. గది కిటికీ అద్దం వేలు పెడితే చుర్రుమనేంత ఎండ. పదకొండింటికి ఫోను.

"తప్పు పంపినారుమే. ఒగటి ఆరు ప్లేట్లు, ఇంగోటి అదే ముక్కల యవ్వారం. వాపసు తీసుకోమని రాయి. ఖాదర్ భాయ్ తలకాయ పట్టుకోని కూర్చున్నాడు."

"వాళ్ళు తప్పు పంపలేదు," అన్నాను. "నేనే అట్ల రాసినా."

అటునుంచి గ్రైండరు చప్పుడు వినబడింది. తర్వాత ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. పళ్ళెం పెట్టాను, జరిపేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా మీద అరిచింది తక్కువ. ఆ రోజూ అరవలేదు, అరిస్తే బాగుండేది.

"నా చేతి మీద నీకు నమ్మకం లేదా?"

"నీ చేతి మీద ఉంది. నీ అలవాటు మీద లేదు."

"బండి ఒగ పక్కకి వాలిపోతే? మళ్ళా తెప్పించేదానికి టైముండాదా? సెప్టెంబరు వచ్చేస్తాది."

"వాలితే, నా పెండ్లామే చేసిందని అందరి ముందర చెప్పు. నేను ఒప్పుకుంటా. బిగించకుండానే వాలిపోతాదని ఎట్ల చెప్తావు? నువ్వు కొలవకుండా ఏ బండినన్నా బయటికి పంపినావా ఎప్పుడైనా?"

ఈ చివరి మాట ఆయనకి తగిలింది. కొలత అంటే ఆయనకి నమాజంత నిష్ఠ. పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "వాలిందనుకో, తప్పు నాదేనని చెప్తా. నీ పేరు తీసుకోను," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది గాని, ఆయన చూడకుండా గిన్నెలవైపు తిరిగాను.

ఆ సాయంత్రం అయిదున్నరకి నా ఫోన్లో రెండు ఫొటోలు పడ్డాయి, మాటా పలుకూ లేకుండా. మొదటిది ఎడమ చక్రం, నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు. ఇరవై అయిదున్నర అంగుళాలు. రెండోది కుడి చక్రం. టేపు మీద ఆయన బొటనవేలి గోరు ఎక్కడుందో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఇరవై అయిదున్నర.

పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చున్నాను.

ఖల్ఫాన్ రెండు రోజుల తర్వాత పొద్దున్నే వచ్చాడు. అర్బాబు కూడా వచ్చాడని ఆయన గుసగుసగా చెప్పి, ఫోను ఆపకుండానే చొక్కా జేబులో పెట్టుకుని, ఆ కారు వెనక సీట్లో కూర్చున్నాడు. నేను వంటింట్లో నిలబడి, చెవికి ఫోను ఆనించుకుని ఆ ప్రయాణమంతా విన్నాను. తలుపులు పడ్డాయి. ఇంజను గొంతు సవరించుకుంది. కాసేపు మెల్లగా నడిచి, రోడ్డు ఖాళీ అయ్యాక ఒక్కసారిగా గర్జించింది. నా చేతిలో గరిటె కిందపడింది. ఆ గర్జనలో ఖల్ఫాన్ గొంతు, "సీదా! సీదా!" అని చిన్నపిల్లాడి కేకలా వినబడింది. ఇంతకు ముందు తొక్కితే తోక పక్కకి విసిరేసేదట. ఇప్పుడు దారం పట్టి గీసినట్టు పోయిందని తర్వాత మా ఆయన చెప్పాడు.

బండి తిరిగొచ్చి గ్యారేజీ ముందు ఆగింది. ఖల్ఫాన్ హిందీలో అడగడం వినబడింది.

"చాలామంది చూశారు ఈ బండిని. అందరూ రెండు పక్కలా ఒకటే వెయ్యమన్నారు. కుడికి వేరే కమాను కావాలని ఎంచింది ఎవరు?"

"ఇంకెవరు, మా అజ్మత్! ఇంగ్లీష్ మొత్తం ఆయనే సదువుతడు," అన్నాడు ఖాదర్ హుస్సేన్ సంబరంగా.

"కాదు భాయ్," అన్నాడు మా ఆయన. "నేనైతే రెండూ ఎడమవే వేసేవాణ్ణి. ఎంచింది మా ఇంట్లో. నంబర్లు చూసేది, ఉత్తరాలు రాసేది, అంతా ఆమే. నాకు ఇంగ్లీషు రాదు."

జేబులోంచి ఫోను తీసిన చప్పుడు. "మే, మాట్లాడు," అన్నాడు. ఖల్ఫాన్ నాకు సలాం చెప్పి, ఎందుకు అలా ఎంచావని అడిగాడు. నాకు తెలిసిందంతా హిందీలో చెప్పాను, ఇంజను సంగతీ, ఇరుసు మెలి సంగతీ. మధ్యలో ఎవరో అరబ్బీలో ఏదో అడిగారు, ఖల్ఫాన్ ఏదో జవాబిచ్చాడు. అది అర్బాబు గొంతని ఆనక తెలిసింది.

ఆ రోజు ఆయన ఎప్పటికన్నా ముందే ఇంటికి వచ్చాడు.

"పాత కార్ల సెక్షన్ పెడతాడంట అర్బాబు. ఖల్ఫాన్ స్నేహితులవే మూడు బండ్లు ఉండాయంట. విప్పి బిగించేటోళ్ళు గ్యారేజీలో శానా మంది ఉండారు. ఏ బండికి ఏది తెప్పించాలో చూసే మనిషి కావాలంట. ఒగటే వీసా."

"నీకే గదా?"

"నీకు."

కోపం ముంచుకొచ్చింది నాకు. "నువ్వు నోరు మూసుకోని ఉంటే ఆ చోటు నీదే గదయ్యా! ఇన్నేండ్లు కాపాడుకుంటా వచ్చింది ఈ రోజే చెప్పాల్నా? అందరి ముందర?"

"చెప్పకపోతే ఏమైతాది? రేపు ఇంగో బండి వస్తాది. నేను మళ్ళా రెండూ ఎడమవే అంటా. ఆ పొద్దు నువ్వు నా మాట వింటావు. ఖల్ఫాన్ ఆ బండ్లో మనవండ్లని ఎక్కించుకుంటాడంట, వెనక సీట్లో, నేను కూర్చున్న తావులోనే." మంచం అంచున కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. "కమాను బిగించినోడికి నిద్ర పట్టాల గదా మే."

ఆయన మీద అంత ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు, నిజం చెప్పాలంటే.

దారి ఖాదర్ హుస్సేనే చెప్పాడు. "పరేషాన్ గాకుండ్రి. ముందుగాల బహెన్‌కి కంపెనీ వీసా. అజ్మత్‌ది క్యాన్సిల్ అయినంక బహెన్ వీసా మీద ఆయన్ని పెట్టుకోవచ్చు. గిప్పుడు కానూన్ల ఉంది, బీవీ కూడ షౌహర్‌ని నిలబెట్టుకోవచ్చు. ఆ వీసా మీదుంటనే మన దగ్గర పని చేసే కాగితం నేను తీయిస్త. కమాన్ల పని ఇంకెవరు చేస్తరు?"

అంతా బాగానే ఉంది గాని, మా ఆయన రెండు రోజులు మాట తక్కువ చేశాడు. పెళ్ళాం వీసా మీద మొగుడా అని పాత క్యాంపు వాళ్ళు నవ్వుతారని ఆయన దిగులు. పైకి అనలేదు, నాకు తెలుస్తూనే ఉంది. నేనూ బతిమాలలేదు. ఆ నిర్ణయం ఆయనే చేసుకోవాలి. మూడో రోజు నేను లేచేసరికి, ముద్రలన్నీ వేయించి పెట్టుకున్న మా నికాహ్‌నామా పెట్టెలోంచి తీసి, మడతలు సాపు చేస్తూ కూర్చున్నాడు.

సెప్టెంబరు ఆఖరి వారంలో, వీసా కాగితాలు తయారుచేసే టైపింగ్ సెంటరుకి పోయాం. టైపు చేసే మలయాళీ కాగితాలన్నీ కొట్టి, ఫారం తీసి మా ఆయన ముందుకి తోశాడు.

"సంతకం పెట్టు భాయ్."

మా ఆయన దాన్ని నా ముందుకి జరిపాడు.

"భార్యది కాదు భాయ్, కఫీల్ సంతకం కావాలి, వీసా పెట్టేవాళ్ళది."

మా ఆయన లేచి నిలబడ్డాడు. వెనక వరసలో పదిమంది దాకా ఉన్నారు, అందులో ఇద్దరు మనవైపు వాళ్ళే. వాళ్ళందరికీ వినబడేలా, లారీ కింద నుంచి పానా అడిగే గొంతుతో అన్నాడు.

"కఫీల్ ఈమే. మా ఆవిడ. తహ్మీనా బేగం."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి.

బయటికి వచ్చి, ఎండలో రోడ్డు దాటడానికి ఆగాం. ఆయన నా చేతిలో కాగితాల సంచి అందుకుంటూ అడిగాడు.

"ఎన్నేండ్లకి పెట్టినావుమే నన్ను?"

"రెండేండ్లకి," అన్నాను. "ఆపైన నీ నడత చూసి చెప్తా."